అక్కయ్య ఫోను

తెల్లారేసరికి డాక్టరు పథకం సిద్ధంగా ఉంది. బీపీ ఉన్న సంగతే తెలియక, పోయిన నెల పోస్ట్‌మాన్‌కు కుడిచేయి పడిపోయింది. తన పేటలో ఇంకెవరికీ అలా జరగకూడదు. నలభై దాటి, ఏ జబ్బూ లేదని క్లినిక్ గడప తొక్కనివాళ్ళందరినీ పిలిచి బీపీ చూడాలి.

"ముందు టైలరుకు ఫోన్ చెయ్యక్కా" అన్నాడు.

క్లినిక్‌లో ఫోన్లు చూసుకునేది ఆయన అక్కయ్యే. ఆమెకొక పద్ధతి ఉంది. రిపోర్టు బాగుంటే ఫోను దండగ, బాగా లేకపోతేనే చేస్తుంది. ఈ సంగతి పేటంతా ఎరుగును, ఒక్క డాక్టరు తప్ప.

"తమ్ముడు నిన్నొకసారి చూడాలంటున్నాడు నాయనా. తొందరేం లేదు, ఇవాళే రా" అంది అక్కయ్య. మర్యాదకని గొంతు కాస్త తగ్గించింది కూడా.

టైలరు కత్తెర కింద పెట్టాడు. సగం కుట్టిన చొక్కాలు సగంగానే ఎవరివి వాళ్ళకు పంపేశాడు. పక్కింట్లో ఇస్త్రీ చేసుకునే సొంత అన్నతో, మధ్య గోడ ఎవరిదన్న తగాదాలో, ఏళ్ళుగా మాటల్లేవు. వెళ్ళి, "ఆ గోడ నువ్వే ఉంచుకో అన్నయ్యా" అన్నాడు. అన్న బావురుమన్నాడు.

కాసేపటికి టైలరు, భార్య, అన్న, మేనత్త క్లినిక్‌లో వరసగా కూర్చున్నారు. డాక్టరు టైలరు బీపీ చూశాడు. ఆకాశంలో ఉంది.

"కంగారు పడ్డారంతే. మీకేం లేదు."

"పోస్ట్‌మాన్‌కూ ఇలాగే చెప్పుంటారు" అంది మేనత్త.

"నిజం చెప్పండి డాక్టరుగారూ, తట్టుకుంటాం" అంది భార్య.

"నిజంగానే ఏం లేదమ్మా. ఊరికే చూద్దామని పిలిచాను."

"ఏం లేనివాణ్ణి ఏ డాక్టరైనా పిలుస్తాడా?" అన్నాడు అన్న.

డాక్టరు బీపీ పట్టీ చేతిలోకి తీసుకున్నాడు. "అందరికీ చూస్తాను, అప్పుడైనా నమ్ముతారా?" అని అన్న చేతికే పట్టీ చుట్టాడు. చూశాడు. మళ్ళీ చూశాడు. అందరినీ చాలాసేపు కూర్చోబెట్టి ఇంకోసారి చూశాడు. ఈలోగా టైలరుది మామూలుకొచ్చింది. అన్నయ్యది మాత్రం పైనుంచి దిగలేదు.

"తలనొప్పి వస్తుంటుందా?"

"ఇస్త్రీపెట్టె వేడికేమో అనుకున్నా. ఏళ్ళయింది."

"ఇంకొన్నాళ్ళు అలాగే అనుకునుంటే పోస్ట్‌మాన్ పక్క మంచం మీదే" అంటూ డాక్టరు మాత్రలు రాశాడు.

టైలరు లేచాడు. "అంటే నాకేం లేదా?"

"లేదు."

"మరి గోడ?"

"ఇచ్చేశావుగా తమ్ముడూ" అన్నాడు అన్న, మందుల చీటీ మడిచి జేబులో పెట్టుకుంటూ.

ఇకమీదట రిపోర్టు బాగున్నా ఫోను చెయ్యమని డాక్టరు అక్కయ్యకు గట్టిగా చెప్పాడు. ఆమె చేస్తూనే ఉంది. ఎవరూ ఎత్తడం లేదు, మోగగానే అన్నదమ్ముల్ని వెంటబెట్టుకుని నేరుగా వచ్చేస్తున్నారు.