మైకు దగ్గర ‘ఆ’ నిషేధం

జగ్గయ్యపేటలో భవానీప్రసాద్ గారి బట్టల దుకాణం వారు, పట్టణ గౌరవాన్ని దృష్టిలో పెట్టుకుని, ఇంగ్లీషు మాటల్లో ‘ఆ’ అనే ధ్వనిని మైకు దగ్గర నిషేధించారు. పట్టణం సంతోషించింది. ఇబ్బంది పడింది కరిష్మా ఒక్కతే.

గుమ్మంలో మైకు పట్టుకుని జనాన్ని పిలవడం ఆమె ఉద్యోగం. ‘కాటన్ చీరల మీద ఆఫర్’ అని ఆమె ఒక్క కేక వేస్తే, పెనుగంచిప్రోలు ఆటో దిగినవాళ్లు సంచులతో సహా లోపలికి వచ్చేవారు. అంతేసి నోరు తెరవడం మోటుతనమని నందిగామలో ఇంగ్లీషు నేర్పే కల్యాణ్ గారు కనిపెట్టారు. దొరలు పెదవులు సున్నాలా చుట్టి ‘కొటన్’, ‘ఒఫర్’ అంటారని సెలవిచ్చారు.

కరిష్మా అద్దం ముందు సున్నాలు చుట్టింది. అద్దం ముందు బాగానే వచ్చేది. గుమ్మంలో మనుషులు కనబడగానే పాత ‘ఆ’ తోసుకొచ్చేది. ఆమెను మేడ మీద చీరలు మడతపెట్టే పనికి మార్చారు.

“నోరు దారికొస్తే మైకు మళ్లీ నీదేనమ్మా,” అన్నారు ప్రసాద్ గారు. దయగల మనిషి. కరిష్మా ఆ మాట పట్టుకునే రోజులు నెట్టింది.

ఇంతలో కల్యాణ్ గారు హైదరాబాదులో పైచదువు చదువుకొచ్చారు. అమెరికాలో ఆ ధ్వని ఎప్పుడో మారిపోయిందట. సున్నాలు చుట్టడం పాతబడిందట. అక్కడి పెద్దమనుషులంతా హాయిగా నోరు తెరిచి ‘ఆ’ అంటున్నారట. వెంటనే దుకాణానికి బ్యానరు కట్టారు: ‘పేటలో తొలిసారిగా అమెరికన్ ఉచ్చారణ.’

కరిష్మా మెట్లు దూకుతూ కిందికొచ్చింది.

“సార్, నాకది వచ్చండి. కాటన్. ఆఫర్.”

కల్యాణ్ గారు కళ్లు మూసుకుని విన్నారు. “ధ్వని సరిగ్గానే ఉందమ్మా. కానీ నీకది ఊరికే వచ్చేస్తోంది. కష్టపడి నేర్చుకుంటేనే అమెరికన్. ఇది మన పేటదే.”

ఆ తేడా తమకూ వినిపించిందన్నారు ప్రసాద్ గారు. బిల్లులు రాసే రాంబాబుకు మొదట వినిపించలేదు గానీ, ఆయన ముఖం చూశాక వినిపించింది.

మైకు నందిగామ అమ్మాయి నీహారికకు దక్కింది. కల్యాణ్ గారి దగ్గర కోర్సు పూర్తిచేసి ఆమె ‘కాటన్’ అంటుంటే జనం ఆగి విన్నారు. చిల్లకల్లు నుంచి ఒకాయన కొనే పనేమీ లేకపోయినా, వినిపించడానికి పిల్లల్ని తీసుకొచ్చాడు.

ఓ మధ్యాహ్నం కరిష్మా తల్లి సైదా అన్నం క్యారేజీ తెచ్చింది. గుమ్మంలో చాలాసేపు నిలబడి విని, మేడెక్కి, కూతురి పక్కన కూలబడింది.

“ఆ పిల్ల ఎంత చక్కగా అంటోందే,” అంది. “నువ్వూ అట్లా అని ఉంటే నిన్ను పైకెందుకు పంపేవాళ్లు?”