గుట్టెక్కిన కుంట

ఒక పెద్ద అడవిలో ఒక చిన్న గుట్ట రోజురోజుకీ చిక్కిపోతోంది. దానికి జబ్బేమీ లేదు. ఎలుగుబంటి జాంబయ్య దాన్ని తవ్వి ఊరూరికీ గ్రావెల్ తోలుతున్నాడు, అంతే.

గుట్ట కింద వాగు. వాగు గట్టులో చిన్న బొరియ. అందులో లకుముకి పిట్ట నీలాంబరి కాపురం, ఇంకా కళ్లు తెరవని నలుగురు పిల్లలు. పెళ్లికి ముందు ఆమె మొగుడు ఆ వాగులోంచే ఓ వెండిచేపను తీసి, తల వంచి, ఆమె ముక్కుకు అందించాడు. నీళ్లు అప్పుడు ఎంత తేటగా ఉండేవంటే, చేప కంటే ముందు నీళ్లలో అతని నీడను చూసే ఆమె మనసిచ్చేసింది. ఇప్పుడా వాగు చిక్కటి టీలా పారుతోంది. దుమ్ము పడీ పడీ అతని నీలం రెక్కలు ఇటుక రంగుకు తిరిగాయి. అయినా ఆమె కంటికి అందంగానే ఉన్నాడు, అది వేరే సంగతి.

అసలు భయం వానంటేనే. పోయిన నెల ఒక్క జల్లుకే గుట్ట మీది ఎర్రమట్టి పొర్లుకొచ్చి గట్టును మూరెడు కోసేసింది. ఇంకో మూరెడు పోతే బొరియ ఉండదు. పిల్లలకు రెక్కలు రాలేదు.

నీలాంబరి అడవి సభకు పోయి మొరపెట్టుకుంది. ఆమె అడిగింది గొంతెమ్మ కోరికేం కాదు. గుట్ట అడుగున ఒక కుంట తవ్వితే వాననీళ్లు అందులో ఆగుతాయి, మట్టి అడుక్కి దిగుతుంది, తేటనీళ్లే వాగులోకి పోతాయి. దుమ్ము లేవకుండా బాట తడపాలి. తవ్వి వదిలేసిన వాలులో గడ్డి నాటాలి.

సభ కరిగిపోయింది. అధ్యక్షులు ఏనుగు కుంభయ్యగారు తొండంతో కళ్లు తుడుచుకున్నారు. పర్యవేక్షణ అధికారి నక్క సుందరమూర్తి ఆమె చెప్పిందంతా ఆకుల మీద రాసుకున్నాడు. మూడు పనులకూ అక్కడికక్కడే ఆమోదం. నీలాంబరి ఇంటికొచ్చి, సుందరమూర్తిగారి చూపుల్లో ఎంత దయ ఉందో మొగుడికీ, ఇరుగుపొరుగుకీ పొద్దుగూకేదాకా చెప్పింది.

పనులు మొదలయ్యాయి. కోతులు వాగులో నీళ్లు తోడి బాట తడిపాయి. బాటంతా కాదు, సుందరమూర్తి నడిచే మేరకు, ఆయన రావడానికి గంట ముందు. ఆయన తడినేల మీద నాలుగు అడుగులు వేసి, దుమ్ము లేదని రాసుకుని వెళ్లేవాడు. ఆయన తోక మలుపు తిరగ్గానే జాంబయ్య గునపం అందుకునేవాడు.

గడ్డి కూడా నాటారు. వేళ్లు లేకుండా కోసుకొచ్చి గుట్ట అంచున గుచ్చారు. ప్రారంభోత్సవం నాడు కుంభయ్యగారు ఆ పచ్చదనాన్ని దగ్గర్నుంచి పరిశీలిస్తూ, పరిశీలిస్తూ, మొత్తం తినేశారు. పథకం చాలా రుచిగా ఉందని మెచ్చుకున్నారు.

ఇక కుంట. దాన్ని గుట్ట నెత్తిన తవ్వారు.

నీలాంబరి కాసేపు తన కళ్లనే అనుమానించి, ఆ తర్వాత సుందరమూర్తి పక్కన కొమ్మ మీద వాలింది.

"అయ్యా, నీళ్లు కిందికి కదా పారతాయి?"

"అవునమ్మా, ఆ విషయం మా దృష్టిలో ఉంది."

"మరి కుంట పైన ఉందేమిటి?"

"వెనకబాటన అధ్యక్షుల్ని పైదాకా తీసుకురాగలం గానీ, ఈ వాలు దిగలేరు తల్లీ, మోకాళ్ల నొప్పి. ఆయన చూడని కుంట తవ్వి ఏం లాభం చెప్పు?"

"వానొస్తే నా పిల్లలో?"

"పైన పడ్డ వాన కుంటలో ఆగుతుంది. కింద పారేది మా పరిధిలోకి రాదు."

జాంబయ్య నవ్వి, పిట్టవి పిట్టలా పాటలు పాడుకోవాలి గానీ నీకీ ఇంజనీరింగు దేనికన్నాడు.

ఆమె తిన్నగా పొరుగున ఉన్న పందికొక్కు సూరమ్మ దగ్గరికి పోయింది. సూరమ్మ నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. "ఏమే, నీ నక్కగారి చూపుల్లో దయ ఇంకా ఉందా, అయిపోయిందా?" అని ముందు కడుపారా దెప్పి, తర్వాత తన బలగాన్నంతా పిలిచింది. జాంబయ్య మధ్యాహ్నం కునుకు తీసే వేళల్లో ఐదు రోజులు తవ్వి, గుట్ట అడుగున కుంటా, వాగుదాకా పిల్లకాలువా తీశారు. నీలాంబరీ మొగుడూ గరికను వేళ్లతో సహా ముక్కున కరుచుకొచ్చి గట్ల మీద నాటారు.

ఆరో రోజు నోటీసు వచ్చింది. ఫిర్యాదు చేసింది జాంబయ్యే. సగం గుట్టను మింగినవాడు సభలో నిలబడి, గొంతు వణుకుతుండగా అడిగాడు: "ఎవరికి తోచినట్టు వాళ్లు తవ్వుకుంటూ పోతే అడవి ఏమైపోవాలండీ?" సభ మళ్లీ కరిగిపోయింది. అనుమతి లేని ఆ గుంటను మూడు రోజుల్లో పూడ్చాలని తీర్మానించారు.

రెండో రోజే వాన పట్టుకుంది. పైకుంట నిండే శుభఘడియను చూడాలని సభంతా గుట్టెక్కి కూర్చుంది. కుంట నిండింది. చప్పట్లు కొట్టారు. కుంట పొంగింది. ఇంకా గట్టిగా కొట్టారు. అప్పుడు కట్ట తెగింది, అంచు విరిగింది. మోకాళ్ల నొప్పితో దిగలేని వాలును కుంభయ్యగారు సభతో సహా రెప్పపాటులో దిగేసి, అడుగునున్న కుంటలో దబ్బున పడ్డారు. వాళ్లు ఈదుకుంటూ ఒడ్డెక్కేసరికి, వెనకే గుట్టలో సగం మట్టి వచ్చి అందులోనే ఆగింది. పిల్లకాలువలోంచి వాగులోకి పోయినవి తేటనీళ్లే. గట్టు కదలలేదు. ఆ కుంటే లేకపోతే ఆ మట్టంతా వాగు మీదా, సభంతా ఆ మట్టి కిందా ఉండేవి.

మర్నాడు, చెవుల్లో బురద ఆరకముందే, విచారణ జరిగింది. సుందరమూర్తి నివేదిక చదివాడు. ఒకటే తీర్మానం, రెండు భాగాలు. అడుగున కుంట ఉందన్న ఆశతోనే నీళ్లు కిందికి దిగాయి గనుక, దాన్ని తవ్వించిన నీలాంబరి చేత గట్టు ఖాళీ చేయించాలి. సభ్యుల ప్రాణాలు నిలబెట్టింది గనుక, ఆ కుంటకు కుంభయ్యగారి పేరు పెట్టాలి.

నీలాంబరి బొరియలోకి చూసింది. నలుగురూ కళ్లు తెరిచి ఆమెనే చూస్తున్నారు.

"అలాగేనయ్యా, రెక్కలు రాగానే వెళ్లిపోతాం" అంది.

నీతి: ప్రాణాలు కాపాడేవాళ్లు ముందుగా అనుమతి తెచ్చుకోవాలి, వానకైతే అక్కర్లేదు.