అన్ని గళ్ళలోనూ తోడేలు

ఆ రోజు ఉదయం లెక్కలాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. కంప్యూటర్‌ను పనిలో పెట్టాలి, స్నానం చేయాలి, భార్య కొత్తగా తెరుస్తున్న ప్లే స్కూల్‌కి వెళ్ళి గుమ్మంలో నవ్వుతూ నిలబడాలి. నవ్వడం ఆయనకు పెద్దగా అలవాటు లేదు గనుక అద్దం ముందు ఒకసారి నవ్వి చూసుకున్నాడు కూడా. కాళ్ళరిగేలా తిరిగి ఆవిడ సంపాదించుకున్న బడి అది. మొదటి వారంలో పిల్లలు నిండకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తానని భవనం యజమాని ముందే చెప్పేశాడు.

లెక్కలాయన ఉద్యోగం తోడేళ్ళతో. ఊరినీ, ఊరి వెనక కొండలనూ మ్యాపు మీద గళ్ళుగా విడగొట్టి, మనుషుల్ని పంపి వెతికించి, ఏ గడిలో తోడేలు ఉందో ఏ గడిలో లేదో అంచనా కట్టాలి. కనిపించనంత మాత్రాన లేనట్టు కాదు, నక్కి ఉండొచ్చు. ఆ తేడా తేల్చడానికే ఆయన దగ్గర ఒక ప్రోగ్రామ్ ఉంది. అయితే దాన్ని కదిలించాలంటే ముందు ప్రతి గడికీ ఏదో ఒక ఊహ ఇవ్వాలి. తోడేలు కనిపించిన గడిలో పొరపాటున "లేదు" అని ఇచ్చామా, అక్కడే చతికిలబడిపోతుంది. అందుకని ఆ వృత్తిలో చాలామంది చేసేదే ఆయనా చేశాడు. ఎందుకొచ్చిన గొడవని అన్ని గళ్ళలోనూ తోడేలు ఉందని ఇచ్చేశాడు. తర్వాత ప్రోగ్రామే తంటాలు పడి సరిదిద్దుకుంటుంది. ఏ గడీ వదిలేయలేదు కదా అని మ్యాపు గీయించి చూస్తే ఊరంతా ఎర్రగా వచ్చింది. తృప్తిగా తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్ళాడు.

అప్పుడే బామ్మర్ది బడికి కుర్చీలు పట్టుకెళ్ళడానికి వచ్చాడు. అతన్ని కాలనీలో అందరూ టముకు అంటారు. ఎందుకంటారో ఆ ఉదయం మరోసారి రుజువైంది. తెర మీద "తోడేలు ఉనికి" అన్న శీర్షిక చూశాడు. కింద ఎరుపు చూశాడు. అక్క బడి ఉన్న గడి వెతికి మరీ చూశాడు. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. వెంటనే ఫొటో తీసి కాలనీ గ్రూపులో పెట్టాడు: "బావ కంప్యూటర్ తేల్చేసింది. తోడేలు లేని చోటు లేదు. పిల్లలు జాగ్రత్త!"

లెక్కలాయన బడికి చేరేసరికి గుమ్మంలో నవ్వే అవకాశమే లేదు. తోడేలు రాకుండా ఎవరో గేటును తాడుతో కట్టేస్తే, ఆయన దాన్ని ఎక్కి లోపలికి దూకాల్సి వచ్చింది. లోపల చిక్కుకున్న తల్లిదండ్రులు పిల్లల్ని చంకల్లో ఇరికించుకుని గోడ మీదికి చూస్తున్నారు. ఒక తాతగారు రాత్రి తాను ఊళ విన్నానంటున్నారు. మీకు చెవుడు కదా మామయ్యా అని కోడలు గుర్తుచేస్తే, "అంత గట్టిగా కూసింది మరి!" అన్నారు. తీగ మీద ఆరేసిన దుప్పటి ఎలా మాయమైందో తనకిప్పుడు అర్థమైందని ఇంకొకావిడ గుండెలు బాదుకుంది.

"ఏమండీ, నా బడిలో తోడేలుందా?" అంది భార్య.

"అబ్బే, లేదు."

"మరి ఉందని ఎందుకు పెట్టారు?"

"ఊరికే. మొదలుపెట్టడానికి."

"మొదలే ఇలా ఉంటే చివరికి ఎవరు మిగులుతారయ్యా?" అన్నారు తాతగారు. ఈ సంభాషణ మాత్రం ఆయనకు చక్కగా వినిపించింది.

లెక్కలాయన ప్రారంభ విలువల గురించి వివరించాడు. వివరించేకొద్దీ జనం వెనక్కి జరిగారు. లేదని తెలిసీ ఉందనే మనిషి, రేపు ఉంటే లేదనడని నమ్మకమేమిటని ఒకాయన లాపాయింటు తీశాడు. భార్య కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"అయితే లేదని పెట్టండి," అందావిడ. "ఇప్పుడే, అందరి ముందూ పెట్టండి."

ఆయన పిల్లల కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచాడు. తోడేళ్ళు నిజంగా కనిపించిన కొండ మీది గళ్ళను అలాగే ఉంచి, మిగతా అన్నింటిలోనూ సున్నా, అంటే లేదని, పెట్టి మీట నొక్కాడు. ప్రోగ్రామ్ కదలబోయి ఆగిపోయింది. ఒకానొక గడి సంఖ్య చూపించి, అక్కడ తోడేలు కనిపించిందిగా, లేదంటే ఎలా కుదురుతుందని దాని భాషలో నిలదీసింది. ఆ సంఖ్య ఎక్కడిదా అని మ్యాపులో వెతికారు. అందరూ నిలబడి ఉన్న గడే అది.

"కంప్యూటరే ఒప్పుకోవట్లేదు!" అని ఎవరో కెవ్వుమన్నారు. అందరికంటే ముందు తాతగారు బల్లెక్కేశారు.

అందరికంటే ఎక్కువ అదిరిపడింది మాత్రం లెక్కలాయనే. ఆ ప్రోగ్రామ్‌కు అబద్ధమాడేంత తెలివి లేదని ఆయనకు తెలుసు. అంటే వెతకడానికి పంపిన మనుషుల్లో ఎవరో ఇక్కడ తోడేల్ని కళ్ళారా చూశామని చెప్పారన్నమాట. ఆ సమాచారాన్ని కిందటి వారమే, కనీసం కన్నెత్తి చూడకుండా, ఆయనే కంప్యూటర్‌లోకి ఎక్కించాడు.

"ఈ గడికి ఎవర్ని పంపాను?" అని తనలో తాను గొణుక్కుంటూ తలెత్తాడు. టముకు రెండు కుర్చీలు గుండెకు హత్తుకుని పెరటి తలుపు వైపు పాకుతున్నాడు.

"ఒరేయ్, ఆగరా!" అంది అక్క.

"తోడేల్ని ఎక్కడ చూశావు?" అన్నాడు లెక్కలాయన.

"చూడలేదు బావా."

"కనిపించిందని ఇచ్చావుగా?"

"అసలు నేను వెళ్తేగా! ఎండగా ఉందని ఇంట్లోనే కూర్చుని నింపేశా. అన్నీ సున్నాలైతే వెళ్ళలేదని పట్టేస్తావని, నమ్మకంగా ఉంటుందని, ఒక్కచోట ఉందని పెట్టా. ఏ గడైతే ఏంటని చూస్తే అక్క బడి గుర్తొచ్చింది."

"మరి పొద్దున గ్రూపులో ఎందుకు పెట్టావురా?"

"నేను ఊరికే పెట్టింది నిజమైపోయిందని హడలి చచ్చాను బావా!"

ఒక మనిషి అబద్ధాలకోరని తేలినందుకు అంతమంది ఒకేసారి సంతోషించడం ఆ కాలనీలో అదే మొదటిసారి. గేటు తాడు విప్పారు. తాతగారు బల్ల దిగుతూ, రాత్రి వినిపించిన ఊళ కాస్త కుక్క గొంతులాగే ఉందని సవరించుకున్నారు. తీరా ఇళ్ళకు బయల్దేరదామంటే పిల్లలు రామన్నారు. పెద్దల కేకల మధ్య వాళ్ళు ఎప్పుడో చంకలు దిగి, రంగులన్నీ బయటికి లాగి, గోడకు ఒక ఎర్ర తోడేల్ని కూడా వేసేశారు. వచ్చినవాళ్ళందరూ అక్కడికక్కడే చేరిపోయారు. భార్య పేర్లు రాసుకుంటూ పైట చెంగుతో కళ్ళు తుడుచుకుంది. లెక్కలాయన ఎట్టకేలకు గుమ్మంలో నిలబడి నవ్వాడు. అది చూసి ఒక పిల్లాడు ఏడ్చాడు.

తమ్ముడికి అక్క వేసిన శిక్ష మర్నాటి నుంచే అమల్లోకి వచ్చింది. రోజూ ఆ గడంతా కాలినడకన తిరిగి, నిజంగా కంటికి కనిపించింది మాత్రమే బావకు చెప్పాలి. మొదటి రోజు ఎండలో చెమటలు కక్కుతూ తిరిగి అతను పంపిన సమాచారం ఇది: "తోడేలు లేదు. వెనకాలే అక్క ఉంది."