చెంచాడు పచ్చరంగు

ఆ రోజు నీళ్ల ఆఫీసు గుమస్తా చెయ్యాల్సిన పని ఒక్కటే. ఒక గోడ ఎందుకు తడిగా ఉందో కనుక్కోవాలి. కనుక్కుంటే పదేళ్లుగా టెంపరరీగా వేలాడుతున్న అతని ఉద్యోగం సాయంత్రానికి పర్మనెంటు అయిపోతుంది.

గోడకీ ఉద్యోగానికీ సంబంధం ఏమిటంటే, వారం క్రితం పై ఆఫీసు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. "పెద్దాఫీసరు గారు తనిఖీకి సాయంత్రం నాలుగు గంటలకు వచ్చెదరు. పెండింగులో ఉన్న ఫిర్యాదుల సంఖ్యను బట్టి మీ ఉద్యోగ విషయమై నిర్ణయం తీసుకొనబడును." గుమస్తా ఆ ఉత్తరాన్ని నలభై సార్లు చదివాడు. భార్య చేత చదివించాడు. అదే ఆఫీసులో లైన్‌మన్‌గా పనిచేసే ఆవిడ అన్నయ్య చేత కూడా చదివించాడు. ముగ్గురికీ ఒకటే అర్థమైంది. రిజిస్టరు ఖాళీ అయితే ఉద్యోగం ఖాయం.

ఆ వారంలో అతను అరవై రెండు ఫిర్యాదులు తీర్చాడు. తిరగని మీటర్లను తిప్పాడు, ఆగని మీటర్లను ఆపాడు. "మా కుళాయి రాత్రంతా మూలుగుతోంది" అని రాసిన ముసలాయన ఇంటికి వెళ్లి, కుళాయికి గుడ్డ చుట్టి, అది నిద్రపోయేదాకా పక్కనే కూర్చుని వచ్చాడు. చివరికి ఒక్కటి మిగిలింది. పంతులమ్మ గారి వంటింటి గోడ. నెల రోజులుగా చెమ్మ. మీ పైపు కారుతోందని ఆవిడ, కాదు పక్కింటివాళ్ల బోరు నీళ్ల తొట్టి కారుతోందని ఆఫీసు.

దీనికి విరుగుడు స్టోరు గదిలో దొరికింది. ఆకుపచ్చ రంగు పొడి డబ్బా. "ట్యాంకుకు చెంచాడు చాలు. తాగినా హాని లేదు" అని డబ్బా మీదే రాసి ఉంది. ట్యాంకులో వేస్తే పైపుల్లోని నీళ్లకి కంటికి ఆనీ ఆననంత పచ్చదనం వస్తుంది. గోడ పచ్చబడితే పైపుకి అతుకు వేసి ఫిర్యాదు కొట్టెయ్యొచ్చు. పచ్చబడకపోతే అతుకు కూడా వెయ్యకుండానే కొట్టెయ్యొచ్చు.

"సాయంత్రం త్వరగా రండి" అంది భార్య, అతని చొక్కాకి ఊడిన గుండీ కుడుతూ. "పదేళ్లుగా టెంపరరీ మొగుడితో కాపురం చేసి విసుగొచ్చింది."

"మొగుడిగా నేను పర్మనెంటే కదే!"

"ఆఫీసువాళ్లు రాసిచ్చాక నమ్ముతాను లెండి."

ఇక్కడ ఆ ఆఫీసు పని తీరు గురించి కొంచెం చెప్పుకోవాలి. అక్కడ ఒక పని జరగాలంటే ముగ్గురికి చెప్పాలి. ఒకరు మరిచిపోతారు, ఒకరు వాయిదా వేస్తారు, మిగిలిన ఒకరు పొరపాటున చేసేస్తారు. గుమస్తా పదేళ్లుగా ఈ లెక్క మీదే ఊరికి నీళ్లు తాగిస్తున్నాడు. ఆ పొద్దున కూడా మూడు పొట్లాలు కట్టాడు, పొట్లానికి చెంచాడు.

మొదటిది లైన్‌మన్‌కి ఇచ్చాడు. "బావా, ఎనిమిదిన్నరకల్లా ఇది ట్యాంకులో పడాలి. నా బతుకు నీ చేతుల్లో ఉంది."

"అదేంటి బావా, మా చెల్లి చేతుల్లో ఉందనుకున్నానే!" అన్నాడు లైన్‌మన్, పొట్లం జేబులో వేసుకుంటూ.

రెండోది ట్యాంకు దగ్గర కాపలా ఉండే తాతకి.

"నిచ్చెన ఎక్కాలా?" అన్నాడు తాత.

"ఎక్కాలి తాతా."

"మరి నా మోకాళ్లో?"

"వాటిని కూడా తీసుకెళ్లు."

మూడోది పంపు నడిపే అక్కకి. "మరిచిపోకక్కా."

"నేనెప్పుడు మరిచిపోయాను?"

"మొన్న పంపు ఆపడం మరిచిపోలేదూ? ట్యాంకు పొంగి కింద సైకిళ్లు తేలాయి."

"అది ఆపడం నాయనా. ఇది వెయ్యడం. వెయ్యాల్సినవి నేను మరిచిపోను."

తొమ్మిదింటికి అతను ట్యాంకు దగ్గరికి వెళ్లి చూశాడు. తాత మంచం మీద నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. బావ టీ కొట్టు దగ్గర ఎవరితోనో పకపకలాడుతున్నాడు. అక్క పంపు గది గుమ్మంలో కూర్చుని జడ అల్లుకుంటోంది. ముగ్గురివీ పని చేసినవాళ్ల మొహాల్లా లేవు. అడిగితే ముగ్గురూ "వేశాం" అనే అంటారు, అది పదేళ్ల అనుభవం. అందుకని అడగలేదు. డబ్బా చంకలో పెట్టుకుని తనే నిచ్చెన ఎక్కాడు.

ట్యాంకు లోపల చీకటి. నీళ్లు ఏ రంగులో ఉన్నాయో నీళ్లకే తెలియాలి. చెంచా తేవడం మరిచిపోయాడు కాబట్టి ఒక అంచనా ప్రకారం పోశాడు. అంచనా అంటే, డబ్బా అడుగు కనిపించేదాకా. గోడ పచ్చబడితే పచ్చబడినట్టే ఉండాలి కానీ పచ్చబడిందా లేదా అని పంతులమ్మ గారు కళ్లజోడు వెతుక్కునేలా ఉండకూడదు కదా.

అతనికి తెలియని విషయం ఏమిటంటే, ఆ ఆఫీసు చరిత్రలో మొట్టమొదటిసారి, ముగ్గురికి చెప్పిన పనిని ముగ్గురూ చేశారు. తాత అయితే ఆరేళ్ల తర్వాత నిచ్చెన ఎక్కి, దిగాక ఆ అలసటతోనే పడుకున్నాడు.

పది గంటలకి మొదటి ఫోను వచ్చింది.

"నీళ్ల ఆఫీసేనా? సెలూన్ నుంచండీ. గడ్డం గీసి మొహం కడిగాను, కస్టమరు చిలకలా తయారయ్యాడు."

గుమస్తా ఖాళీ డబ్బా వైపు చూశాడు. "అంటే... లేతగా పచ్చగా?"

"లేతా లేదు, ముదురూ లేదు. వీధిలోకి వెళ్తే ఎవరైనా జామకాయ పెట్టేలా ఉన్నాడు."

"హాని లేదండీ" అన్నాడు గుమస్తా, డబ్బా మీద ఉన్న మాటే. "తాగినా హాని లేదు."

ఈ ఒక్క మాటే కొంప ముంచింది. సెలూనాయన "హాని లేదట" అని కస్టమరుకి చెప్పాడు. కస్టమరు "మంచిదేనట" అని కిళ్లీ కొట్టులో చెప్పాడు. కిళ్లీ కొట్టు నుంచి అది "మందు కలిపారట" అయ్యి, రెండు సందులు దాటేసరికి "జుట్టు మొలుస్తుందట" అయింది. పదకొండింటికి దిగువ వీధుల్లో ఉన్న బట్టతలలన్నీ కుళాయిల కింద ఉన్నాయి.

ఇంకోపక్క నమ్మనివాళ్లు ఫోన్లు చేస్తూనే ఉన్నారు. లాండ్రీలో బడిపిల్లల తెల్ల చొక్కాలు నూట పది ఒక్కసారిగా చిగురించాయి. పళ్ల డాక్టరు దగ్గర ఒక పెద్దమనిషి నోరు పుక్కిలించి ఉమ్మి, ఆ రంగు చూసి, కుర్చీలోనే పడుకుని ఆస్తి పంపకాలు మొదలుపెట్టాడు. ఒకావిడ తన తెల్ల కుక్కకి స్నానం చేయించింది, ఇప్పుడు అది ఇంట్లోకి వస్తానంటే ఆవిడ రానివ్వడం లేదు.

గుమస్తాకి ఒక చెవి దగ్గర ఒక ఫోను, రెండో చెవి దగ్గర ఇంకొకటి. బయట కౌంటరు దగ్గర జనం పోగవుతున్నారు. రిజిస్టరులో ఇంకొక్క ఫిర్యాదు ఎక్కినా తన ఉద్యోగం మట్టిగొట్టుకుపోతుంది. అలవాటు ప్రకారం ముగ్గురినీ పిలిచాడు.

"చూడండి, ఎవరొచ్చినా ఏదో ఒకటి చెప్పి, మంచి మాటలతో పంపించెయ్యండి. పంపించెయ్యాలి, అంతే!"

ముగ్గురూ తలలూపి వెళ్లి మూడు కిటికీల దగ్గర కూర్చున్నారు.

ఇంతలో ఎగువ వీధులవాళ్లు ఊరేగింపుగా వచ్చారు. వాళ్లకి నీళ్లు వేరే ట్యాంకు నుంచి వస్తాయి. ముందు నడిచే టైలరు మెడలో టేపు కూడా తియ్యలేదు.

"ఏమయ్యా గుమస్తా, మేమేం పాపం చేశాం? దిగువ వాళ్లకి పచ్చ నీళ్లు, మాకు ఉత్త నీళ్లా?"

"ఉత్త నీళ్లే మంచివండీ."

"మంచివైతే వాళ్లకే ఇవ్వండి! పన్ను కట్టేటప్పుడు ఎగువా దిగువా అంటూ ఉందా?"

"అది కాదండీ, పొరపాటున..."

"అదిగో! పొరపాటున కూడా మాకు ఇవ్వరు, చూశారా?" అని టైలరు వెనక్కి తిరిగి జనానికి చూపించాడు. జనం చూశారు.

గుమస్తా నీళ్లు నమిలాడు. అప్పటికి అతని దగ్గర ఉన్నవి అవే. టైలరు జనాన్ని వెంటబెట్టుకుని కిటికీల వైపు నడిచాడు. గుమస్తా ఫోనులో పళ్ల డాక్టరుకి ధైర్యం చెబుతూ ఓరకంట చూశాడు. ఆశ్చర్యంగా, కిటికీల దగ్గరికి వెళ్లినవాళ్లు వెళ్లినట్టే తృప్తిగా ఇళ్లకి వెళ్లిపోతున్నారు. మనవాళ్లకి ఇంత మాటకారితనం ఎక్కడిదని మురిసిపోయాడు.

పన్నెండింటికి ఆఫీసు ముందు ఒక జీపు ఆగింది.

నాలుగింటికి రావాల్సిన పెద్దాఫీసరు పన్నెండింటికే వచ్చేశాడు. దుమ్ము రోడ్డు మీద వచ్చాడేమో, దిగుతూనే ఆవరణలో ఉన్న కుళాయి దగ్గర సుబ్బరంగా మొహం కడుక్కుని, జేబురుమాలుతో తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు. ఆయనది ఊరూరా పేరున్న మీసం. పాలనురగలా ఉంటుందంటారు. ఇప్పుడది పాలకూరలా ఉంది.

నలుగురూ లేచి నిలబడ్డారు. నలుగురూ మీసమే చూశారు.

"ఏంటి, అందరూ అలా చూస్తున్నారు?"

"మీ... మీ రాక కోసమే చూస్తున్నాం సార్" అన్నాడు గుమస్తా.

"సరే. పెండింగు ఎంత?"

"ఒక్కటే సార్. గోడ."

"ఒక్కటి కాదు బావా" అన్నాడు లైన్‌మన్ గర్వంగా, తన కిటికీ దగ్గరి పుస్తకం తెచ్చి బల్ల మీద పెడుతూ. "నలభై ఎనిమిది రాశాను. రాసుకుంటున్నాం అంటేనే కదా జనం వెళ్తారు!"

"నా దగ్గరా నలభై ఎనిమిది" అంది అక్క, ఇంకో పుస్తకం పెట్టి.

"నేనూ రాశాను" అన్నాడు తాత. "జనం మూడు కిటికీల దగ్గరా చెప్పుకున్నారు. ఎవరో ఒకరు రాయకపోతారా అని."

మూడు నలభై ఎనిమిదులు నూట నలభై నాలుగు. గోడతో కలిపి నూట నలభై అయిదు. గుమస్తాకి కళ్ల ముందు పదేళ్ల టెంపరరీ బతుకు గిర్రున తిరిగింది. ఇంటికెళ్లి భార్యతో ఏం చెప్పాలో తోచలేదు. గుండీ మళ్లీ ఊడింది.

పెద్దాఫీసరు కుర్చీలో కూర్చుని ఒక్కొక్క పేజీ తిరగేశాడు. "'పచ్చ వద్దు'... 'పచ్చ కావాలి'... 'కుక్క ఎవరిదో తేల్చాలి'... ఏంటిది? నీళ్లలో ఏం కలిపారు?"

"రంగు సార్. ఒక గోడ పరీక్ష కోసం."

"మరి గోడ పచ్చబడిందా?"

గుమస్తా బావ వైపు చూశాడు. బావ అక్క వైపు చూశాడు. అక్క తాత వైపు చూసింది. తాతకి చూడటానికి ఎవరూ మిగలక పెద్దాఫీసరు మీసం వైపు చూశాడు. ఊరంతా రంగు మారిన ఆ పూట, ఆ గోడ దగ్గరికి మాత్రం ఎవరూ వెళ్లలేదు.

పెద్దాఫీసరు పుస్తకాలు మూశాడు. సంచిలోంచి రెండు కాగితాలు తీసి బల్ల మీద పెట్టాడు. గుమస్తా కళ్లు మూసుకున్నాడు.

"చూడవయ్యా. ఈ ఊళ్లో పెండింగు సున్నాకి వచ్చేస్తోందని మాకు కబురొచ్చింది. పని లేని చోట ఆఫీసు ఎందుకని, దీన్ని ఎత్తేసి పక్క ఊరి ఆఫీసులో కలిపెయ్యమని మొదటి కాగితం. అందులో నీ పేరు కూడా ఉంది. ఈ రోజుతో నీ అవసరం తీరిపోయినట్టు."

గుమస్తా కళ్లు తెరిచాడు. "సున్నా అయితే... తీసేస్తారా సార్?"

"సున్నాకి మనిషెందుకయ్యా? ఒక్కటుంటే పక్క ఊరివాళ్లే చూసుకుంటారు. కానీ ఇక్కడ నూట నలభై అయిదున్నాయి! మా జిల్లాలో ఇంత పని ఉన్న ఆఫీసే లేదు. ఇలాంటి చోట పదేళ్లుగా టెంపరరీ మనిషిని పెట్టారంటే నాకే సిగ్గుగా ఉంది." మొదటి కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి, రెండో కాగితం మీద గుమస్తా పేరు రాసి సంతకం పెట్టాడు. "ఈ ఫిర్యాదులు తీరేదాకా నిన్నెవరూ కదపలేరు."

వారం రోజులు రాత్రనకా పగలనకా కష్టపడి, తన ఉద్యోగాన్ని తనే అరవై రెండు మెట్లు కిందికి దింపుకుంటూ వచ్చానని గుమస్తాకి అప్పుడు తెలిసింది. అతను ఏడవాలో నవ్వాలో తేల్చుకునేలోపు జీపు వెళ్లిపోయింది. అద్దం చూసుకోమని చెప్పే ధైర్యం చివరిదాకా ఎవరికీ రాలేదు.

మర్నాటికి రంగంతా కొట్టుకుపోయింది. కుళాయిల్లో మామూలు నీళ్లే వస్తున్నాయి. ఎవరికీ జుట్టు మొలవలేదు. పొద్దున్నే ఊరి జనమంతా ఆఫీసు ముందు నిలబడ్డారు.

"ఇంక మాకే ఇబ్బందీ లేదు నాయనా" అన్నాడు టైలరు, అందరి తరఫునా. "నిన్న రాసినవన్నీ కొట్టేసుకో."

పర్మనెంటు గుమస్తా చొక్కా సర్దుకుని, కలం మూత తీశాడు.

"కొట్టెయ్యమని కూడా అర్జీ పెట్టుకోవాలండీ. దానికీ నెంబరు పడుతుంది. లైనులో రండి, తోసుకోకండి."

మధ్యాహ్నం భోజనాల వేళకి కొత్త రిజిస్టరు తెప్పించాల్సి వచ్చింది.