ఎలుక దాఖలా

నాందేడ్ జిల్లా ఎలుకలకు ఇక క్యాన్సర్ భయం లేదని 2003 వేసవిలో నిండు సభలో ప్రకటించారు. మనుషుల సంగతి ఆ ప్రకటన పరిధిలోకి రాదు.

ఆ ఘనత ప్రొఫెసర్ మార్కండేయది. పసుపులోంచి సారం తీసి, అది వాపుల మీద, గడ్డల మీద ఎలా పనిచేస్తుందో ఆయన ఎలుకల్లో పరీక్షించాడు. పసుపు దెగ్లూర్ దగ్గరి రైతు పోచన్న చేలోది. మూట సర్కారు ఎస్టీ బస్సెక్కించి అతనే ప్రొఫెసర్ కాలేజీకి తెచ్చేవాడు. ఎలుకల గదిలో ఫ్యాన్లు తిరిగేవి. కరెంటు పోతే వాటికి జనరేటర్ ఉండేది. వచ్చినప్పుడల్లా పోచన్న ఆ గుమ్మంలో కాసేపు గాలికి నిలబడేవాడు.

అతని భార్య జనాబాయికి రొమ్ములో గడ్డ లేచింది. ముదిరిందని, ముంబై పోవాలని డాక్టర్లు చెప్పారు. ముంబై ఎలుకల గది కన్నా దూరం.

"గా ఎలుకలు తినేది మన చేన్ల పసుపే గద," అంది జనాబాయి. "నేనేం పాపం జేసిన? పోయి అడుగు."

అడిగాడు. ప్రొఫెసర్ ఎంతో దయగా చెప్పాడు: "ఇది ఎలుకల దశ, పోచన్నా. మనుషుల దశ అచ్చినంక చూద్దాం. అప్పటిదాంక ధైర్యంగ ఉండుమను."

జనాబాయి నవ్వింది. నవ్వితే నొప్పి. "అయితే నన్ను ఎలుకల్ల రాయించు. ఇన్నేండ్లు నీ ఇంట్ల ఉన్న, బోను నాకు కొత్తనా?"

పోచన్నకు హాస్యం తెలియదు. నేరుగా తలాఠీ మాణిక్ దగ్గరికి పోయాడు. గ్రామ లెక్కలు చూసే ఆ అధికారి కలం ఎవరినీ కాదనదు. "బతికినోణ్ణి సచ్చిండని రాసిన, సచ్చినోనికి పింఛను రాసిన. ఎలుకంటే ఏముందే!" అని, సదరు జనాబాయి ఈ గ్రామపు ఎలుకేనని దాఖలా రాసి, ముద్ర కొట్టి ఇచ్చాడు.

దాఖలా ఉన్నాక కాదనడానికి లేదు. పోచన్న అర్జీ మీద కాలేజీ కమిటీ కూర్చుంది. బరువు ఎక్కువన్నారు, సర్దుకోవచ్చన్నారు. తోక లేదన్నారు; పరిశోధన తోక మీద కాదని ప్రొఫెసర్ ఉదారంగా కొట్టిపారేశాడు. చివరికి ఒక్క నిబంధన అడ్డొచ్చింది. రోగం కమిటీయే తెప్పించాలి. సొంతంగా తెచ్చుకున్న రోగం చెల్లదు. అర్జీ తిరస్కరించి, జనాబాయి శాస్త్రాభిమానాన్ని అభినందించారు.

పసుపు ఉడకబెట్టే రోజుల్లో జనాబాయి పోయింది. అందరూ పనుల్లో ఉన్నారు. పాడె మొయ్యడానికి మనుషులను వెతుక్కోవలసి వచ్చింది.

ఆ తర్వాతే సభ. మందు పనిచేసిందని రుజువు చేయడానికి కోలుకున్న ఎలుకలను కోసి చూశారు. లోపల అన్నీ ఆరోగ్యంగా ఉన్నాయి. ఆ మాట చెప్పి ప్రొఫెసర్ అందరినీ లేవమన్నాడు. "మానవాళి కోసం ప్రాణత్యాగం చేసిన మన ఎలుకలకు రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం."

సభంతా లేచి తలలు వంచింది. వెనక వరుసలో పోచన్న వెక్కి వెక్కి ఏడ్చాడు.

ప్రొఫెసర్ కరిగిపోయి, వేదిక మీదికి పిలిచి శాలువా కప్పాడు. "ఎలుకల మీద గింత ప్రేమున్న రైతును నేనెన్నడు చూడలే! ఏ ఎలుక కోసం, పోచన్నా?"

పోచన్న ఆ శాలువాతోనే కళ్లు తుడుచుకున్నాడు. "దాఖలా ఉన్నదాని కోసం, సారూ."

సభ విరగబడి నవ్వింది. తప్పేముంది? తోక దగ్గర మీరూ నవ్వారు.