ఒక్క గొడుగూ చెడకపోవడంపై విచారణ

మా గొడుగుల ఫ్యాక్టరీలో వరసగా వారం రోజులు ఒక్క గొడుగు కూడా చెడిపోలేదు. ఈ దారుణంపై విచారణ సంఘం వేశామని, అందులో నేనూ సభ్యుణ్ణని తెలియజేయక తప్పడం లేదు.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. మా గోడమీద ఒక చార్టు, అందులో రెండు ఎర్రగీతలు ఉంటాయి. నూటికి మూడు నుంచి తొమ్మిది గొడుగులు రిజెక్టయితే మా నల్లగీత ఆ రెండింటి మధ్య బుద్ధిగా నడుస్తుంది. పైగీత దాటినా, కిందిగీత దాటినా పని అదుపు తప్పినట్టే. ఇరవై ఏళ్లుగా మేం తప్పనివ్వలేదు. ఇంతలో ఊచలు సరిచూసి బిగించడానికి ఒకావిడ చేరింది. ప్రతి గొడుగూ ఆవిడ చేతిమీదుగానే పోవాలి. నాలుగో రోజుకల్లా నల్లగీత సున్నాకు జారి అక్కడే కూర్చుంది.

మేనేజరుగారికి ముద్ద దిగలేదు. ముందు తనిఖీ గుమాస్తాకి కళ్లపరీక్ష చేయించారు. కళ్లు భేషుగ్గా ఉన్నాయని తేలడంతో అనుమానం బలపడింది. నెలాఖరులోగా గీత పైకి రాకపోతే ఉద్యోగం ఉండదని ఆవిడకు నోటీసిచ్చారు. ఇంట్లో ఆవిడ ఒక్కర్తిదే సంపాదన.

"తెరిస్తే తెరుచుకోవాలి కదండీ గొడుగు. అందుకే అలా బిగించాను," అంది సంఘం ముందు. నేరం ఒప్పుకుందని రాసుకున్నాం.

శిక్షణ కోసం ఆవిడను, ఇక్కడే ఏళ్లుగా ఊచలు బిగిస్తున్న మా బాబాయ్‌కి అప్పగించాం. ఆయన సామాన్యుడు కాడు. ఆయన బిగించిన గొడుగు తెరుచుకుంటే జనం పని ఆపి చూస్తారు.

"చెడగొడదామని కూర్చుంటే చెడదమ్మా. ఇంటికెప్పుడు పోదామా అనుకుంటూ చెయ్యి, అదే చెడుతుంది," అన్నాడాయన.

ఆవిడ గుండె రాయి చేసుకుని ఓ ఊచ వంచింది. భోజనానికి లేచేలోగా తనకు తెలియకుండానే చక్కదిద్దేసింది. అది చూసుకుని ఏడ్చింది. నాకు నిజంగానే జాలేసింది. కానీ చార్టులో జాలికి గడి లేదు.

నెలాఖరున సభ పెట్టాం. "నైపుణ్యం ఎవరికైనా ఉండవచ్చు. దాన్ని అదుపులో పెట్టుకోవడమే సంస్కారం," అని మేనేజరుగారు సెలవిచ్చారు. ఆవిడనే ఆ నెల రిజెక్టుగా నమోదు చేసి ఇంటికి పంపించేశాం. మర్నాటికి గీత ఆరుకు ఎగిరింది. చప్పట్లు కొట్టి కొట్టి మా అరచేతులు వాచాయి.

ఆవిడ చివరిరోజు బిగించిన గొడుగులు మాత్రం బజారుకు పోలేదు. వానాకాలం దగ్గరపడింది కదా, మాలో మేమే కొట్టుకుని ఇళ్లకు పట్టుకుపోయాం. అందరికీ తలొకటి వచ్చింది. ఆవిడను తీసెయ్యమన్న కాగితం మీద మొదటి సంతకం నాది కనుక నాకు రెండిచ్చారు.