యాభై అతుకుల బట్టకు జరిగిన అన్యాయం

శుక్రవారం ఉదయం సెమీసి పెట్టుకున్న పనులు రెండే. ఆన్‌లైన్ కళాప్రదర్శన తెరవాలి, ఆ తరవాత పెళ్లికోటు తెచ్చుకోవాలి. పెళ్లి మర్నాడే. తోంగా దీవుల రాజధాని నుకుఅలోఫాలో ఒక చిన్న కళాశాలలో అతను ఇంటర్నెట్‌లో ప్రదర్శనలు అమర్చడం నేర్పే మాస్టారు. విద్యార్థులతో కలిసి కంప్యూటర్‌లో ఒక గది కట్టాడు. చూసేవాళ్లు తమ ఇంట్లోంచే దాని గోడల వెంట తిరగొచ్చు.

ఎవరి వస్తువు ఎంత పొడవో పంపమని అందరికీ కబురు పెట్టాడు. కొలత గడిలో అక్షరం పడితే కంప్యూటర్ మొరాయిస్తుందని, "అంకె ఒక్కటే రాయండి, పక్కన ఇంకేమీ రాయకండి" అని మరీ మరీ చెప్పాడు. కొంప మునిగింది అక్కడే.

అతని మేనత్త కలోలైనె 50 అని రాసింది. ఆవిడది చెట్టు బెరడు కొట్టి చేసిన బట్ట. తోంగాలో ఆడవాళ్లు బెరడుబట్టని అతుకుల్లో లెక్కేస్తారు, ఒక్కో అతుకు మూరెడు. యాభై అతుకులంటే పరవడానికి వీధి కావాలి. పెళ్లికూతురు సియాలే మేనత్త వైసిలివా 120 అని రాసింది. ఆవిడది టీకప్పు కింద పెట్టుకునే చాపముక్క. ఆవిడ స్కేలు మీద ఉన్నవి మిల్లీమీటర్లు. కంప్యూటర్‌కి అత్తలు ఉంటారా, వాళ్ల లెక్కలు తెలుస్తాయా? అన్నిటినీ సెంటీమీటర్లు అనేసుకుంది.

ప్రదర్శన తెరిచిన కాసేపటికే మేనత్త ఫోను.

"ఒరే సెమీసీ, మూలన వేలాడుతోందే, అదేంట్రా? చేతిరుమాలా?"

"నీ బట్టే అత్తా."

"నా బట్టా? ఏడాదిపాటు పదిమంది ఆడవాళ్లం చేతులు వాచేలా బెరడు కొట్టింది నువ్వు ముక్కు తుడుచుకోడానికా? మా ఆడపడుచు ఆక్లాండ్ నుంచి ఫోన్ చేసి, 'వదినా, ముద్దుగా ఉంది' అంది. ముద్దుగా ఉందట! పక్కన ఆ వైసిలివా చాప చూడు, గోడంతా అదే. ఇంటిల్లిపాదీ పడుకోవచ్చు దానిమీద. పెళ్లి కాకముందే అత్తారివైపు జారిపోయావన్నమాట."

"అంకెలో పొరపాటు జరిగింది అత్తా."

"అయితే దిద్దు. దిద్దేదాకా నీ పెళ్లికి నేను రాను."

కోపం రాదూ మరి? ఎవరికైనా వస్తుంది. మేనత్త ముందువరసలో కూర్చోని పెళ్లి సెమీసి వంశంలో ఇంతవరకూ జరగలేదు. అతను కోటు సంగతి మరిచిపోయి బట్ట అసలు పొడవు లెక్కగట్టి, గడిలో 2200 కొట్టాడు.

బట్ట ఒక్కసారిగా పెరిగి నాలుగు గోడల్నీ కప్పేసి, తలుపు మీదుగా బయటికి పోయింది. సరిగ్గా అప్పుడే, తన ఇంట్లోంచి ఆ గదిలోకి వచ్చిన పాస్టరుగారు ప్రారంభ ప్రార్థన ముగించారు.

"బాబూ, కళ్లు మూసి తెరిచేసరికి అంతా గోధుమరంగే. నేను ఎటు పోవాలి?" అన్నారాయన.

"సార్, నా పడవబొమ్మ ఏది?" అంది ఒక విద్యార్థిని.

"మా అత్త బట్ట వెనకుంది."

"రెండు నెలలు గీశాను సార్. మీ అత్త బట్ట వెనక పెట్టడానికా?"

ఆ పిల్ల అడిగినదాంట్లో తప్పేముంది? సెమీసి సిగ్గుపడుతూ మేనత్తకి ఫోన్ చేశాడు.

"కాస్త తగ్గిస్తాను అత్తా. మిగతావాళ్లవి కనపడట్లేదు."

"చెయ్యి వేశావంటే ఊరుకోను. నా బట్ట ఉన్నంతే ఉంది. నువ్వు కట్టిన గదే అగ్గిపెట్టె."

ఆమాటా నిజమే. దాంతో సెమీసి, విద్యార్థులూ అన్నం నీళ్లూ మానేసి కూర్చుని, చర్చికి రెండింతలుండే హాలు కట్టారు. బట్టని పొడవాటి గోడకి నిండుగా వేలాడదీశారు. పడవబొమ్మ బయటపడింది. ప్రతి వస్తువుకీ అసలు కొలత వేశారు. మేనత్త చూసి, "ఇప్పుడు బట్టలా ఉంది. రేపు పెందలాడే వస్తాను" అంది. సెమీసి ప్రాణం లేచొచ్చింది. ఇంతలో సియాలే ఫోన్ చేసింది.

"మా వైసిలివా అత్త చాపని ఏం చేశావు?"

"అసలు కొలతకి తెచ్చాను. అది టీకప్పు చాపే కదా?"

"ఆ సంగతి ఆవిడకి తెలీదా? అంత పెద్ద చాప ఒక్కదానివే ఎలా అల్లావని సిడ్నీ చుట్టాలు పొద్దుట్నుంచీ మెచ్చుకుంటుంటే తలూపుతూ కూర్చుంది. ఇప్పుడు వాళ్లే పడీపడీ నవ్వుతున్నారట. చిన్నది చెయ్యమని ఆవిడ నిన్ను అడిగిందా? పెళ్లికి రానని తలుపేసుకుంది."

"పోనీ, మళ్లీ పెద్దది చెయ్యనా?"

"చేస్తే మీ అత్త వస్తుందా?"

సెమీసి మళ్లీ కొలత గడి తెరిచాడు. ఇద్దరత్తలకీ సరిపోయే అంకె ఏదని రాస్తాడు?

పెళ్లి వాయిదా పడింది. చర్చి తలుపుకి అంటించిన కాగితంలో, కారణం సాంకేతిక లోపమని రాశారు.